ప్రైవేట్ పార్ట్స్ దగ్గర వెంట్రుకలు: ట్రిమ్మర్ నుంచి లేజర్ దాకా

(హైదరాబాద్‌లో ఒక వర్కింగ్ ఉమెన్స్ హాస్టల్‌లో ఆదివారం సాయంత్రం ఒక చర్మవైద్యురాలు చేసిన ప్రసంగం. నైట్ షిఫ్టుల వల్ల రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. ఆ తలుపు కాస్త దగ్గరకి వేయండమ్మా. వెనకున్నవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు వద్దని నేనే చెప్పాను, కాబట్టి దగ్గరగా కూర్చోండి.

మీ వార్డెన్ గారు కింద ఒక డబ్బా పెట్టించి, పేరు రాయకుండా ప్రశ్నలు వేయమన్నారట. ఆ చీటీలన్నీ చదివాను. ఎక్కువమంది అడిగింది ఒకటే: ప్రైవేట్ పార్ట్స్ దగ్గర వెంట్రుకలు తీయడానికి ఏది మంచిది, ఏది ఎక్కువ రోజులు ఆగుతుంది? అడగాల్సిన ప్రశ్నే. ఇంట్లో అమ్మనో అక్కనో అడగాలంటే మొహమాటం. పార్లర్‌లో అడిగితే వాళ్ల దగ్గరున్న ప్యాకేజీ చెబుతారు. ఫోన్‌లో చూస్తే రోజుకో కొత్త క్రీమ్, రోజుకో కొత్త మెషిన్. ఇక ఎవరిని అడగాలి?

నేను మాత్రం ఇంకో ప్రశ్నతో మొదలుపెడతాను. అసలు ఎందుకు తీయాలనుకుంటున్నారు? చాలా చీటీల్లో "శుభ్రత కోసం" అని ఉంది. అందుకే ముందు ఆ సంగతి తేల్చుకుందాం. ఆ వెంట్రుకలు మురికి కాదమ్మా. మళ్లీ చెబుతున్నాను, మురికి కాదు. అక్కడి చర్మం పల్చన. నడిచినప్పుడు, కూర్చున్నప్పుడు, బట్ట రాసుకున్నప్పుడు ఆ ఒరిపిడి నేరుగా చర్మం మీద పడకుండా అవి కాస్త అడ్డుగా ఉంటాయి. ఆరోగ్యం కోసం వాటిని తీసి తీరాలని ఏ వైద్యశాస్త్రమూ చెప్పదు. రోజూ స్నానంలో నీళ్లతో కడుక్కుని, పొడిగా తుడుచుకుని, కాటన్ లోదుస్తులు వేసుకుంటే శుభ్రత అయిపోయినట్టే. చెమట వాసన ఇబ్బంది పెడుతోందా, పీరియడ్స్ రోజుల్లో అంటుకుని చిరాగ్గా ఉందా, పొట్టిగా కత్తిరించుకుంటే సరిపోతుంది.

అంటే తీయొద్దని చెబుతున్నానా? లేదు. నాకు ఇలా ఉంటే హాయిగా ఉంది, ఇలా ఇష్టం అంటే, అదీ సరైన కారణమే. ముస్లిం కుటుంబాల్లో నలభై రోజులు దాటనివ్వకూడదన్న నియమం ఉంది, అది వాళ్ల ఆచారం. ఎవరి కారణం వాళ్లది. కానీ భర్త అన్నాడనో, రూమ్‌మేట్ నవ్విందనో, పార్లర్‌లో అమ్మాయి ముఖం చిట్లించిందనో మాత్రం తీయకండి. ఏమీ చేయకుండా వదిలేయడం కూడా ఒక పద్ధతే. మిగతావన్నీ దానితో పోల్చి చూసుకోవాలి.

ఇక పోలిక. మీరంతా "ఎన్ని రోజులు ఆగుతుంది" అని అడిగారు. నేను ఒక్కో పద్ధతికీ దాంతో పాటు "చర్మానికి ఏం చేస్తుంది" అన్నది కూడా చెబుతాను. ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్లెవరూ వెంట్రుకలు త్వరగా పెరిగాయని రారు. కోసుకుపోయిందనో, కాలిందనో, కురుపులు లేచాయనో, నల్లమచ్చలు పోవట్లేదనో వస్తారు. 2017లో అమెరికాలో ఒక సర్వే అచ్చయింది. 7,570 మందిని అడిగారు, మగవాళ్లనీ ఆడవాళ్లనీ. అక్కడి వెంట్రుకలు తీసుకునే అలవాటున్నవాళ్లలో దాదాపు నాలుగోవంతు మంది ఏదో ఒకసారి గాయపడ్డామన్నారు. అన్నిటికంటే ఎక్కువ కోతలు, తర్వాత కాలడం, ఆ తర్వాత దద్దుర్లు. నాలుగోవంతు అంటే ఈ గదిలో ఎంతమందో మీరే లెక్కేసుకోండి.

అన్నిటికంటే క్షేమమైనది ట్రిమ్మింగ్. మొన మొద్దుగా ఉన్న చిన్న కత్తెరైనా సరే, గార్డ్ ఉన్న ట్రిమ్మరైనా సరే. బ్లేడు చర్మాన్ని తాకదు కాబట్టి కోత పడదు, వెంట్రుక చర్మం లోపలికి తిరగదు. వారం పది రోజుల్లో మళ్లీ పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే దాని లోటు. నున్నగా ఉండాలన్న పట్టింపు లేనివాళ్లకి నేనిచ్చే సలహా ఇదొక్కటే. షుగర్ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడుతున్నవాళ్లు దీన్ని దాటి వెళ్లకపోవడమే మంచిది. ట్రిమ్మర్ మాత్రం ఎవరిది వాళ్లకే. రూమ్‌మేట్‌దైనా, చెల్లిదైనా వాడకండి.

తర్వాత రేజర్. చవక, త్వరగా అయిపోతుంది, నొప్పి లేదు. కానీ రెండు మూడు రోజులకే గరుకుగా మొలుస్తాయి, దురద మొదలవుతుంది. ఒక చీటీలో రాశారు, "షేవ్ చేస్తే ఇంకా మందంగా వస్తాయని మా అమ్మ అంటుంది, నిజమేనా?" అని. కాదమ్మా. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని పరీక్షించి చూశారు. షేవింగ్ వల్ల వెంట్రుక మందమూ మారలేదు, పెరిగే వేగమూ మారలేదు. మరి మందంగా ఎందుకు అనిపిస్తుంది? సహజంగా వెంట్రుక కొస సన్నగా ఉంటుంది. బ్లేడు దాన్ని మధ్యలో అడ్డంగా కోసేస్తుంది, ఆ మొద్దు కొసే చేతికి తగులుతుంది. వేరు చర్మం లోపల ఉంది, బ్లేడు అక్కడిదాకా వెళ్లనే వెళ్లదు.

రేజర్‌తో అసలు ఇబ్బంది వేరే. మన వెంట్రుకల్లో, ముఖ్యంగా ఆ భాగంలో, వంపు ఎక్కువ. బాగా దగ్గరగా గీసేస్తే కొస చర్మం కిందికి జారిపోతుంది. పెరిగేటప్పుడు బయటికి రాకుండా లోపలికే తిరిగి గుచ్చుకుంటుంది. ఇన్‌గ్రోన్ హెయిర్ అంటారు. అక్కడ ఎర్రగా చిన్న కురుపు లేస్తుంది, మీరు గోటితో గిల్లుతారు, చీము పడుతుంది, మానాక నల్లమచ్చ మిగులుతుంది. మన చామనఛాయ చర్మంలో ఆ నలుపు నెలల తరబడి పోదు. అప్పుడు ఆ నలుపు పోవడానికి ఇంకో క్రీమ్ కొంటారు. గిల్లకండి. కురుపులు ఉన్నంతకాలం షేవింగ్ ఆపేయండి, చాలావరకు వాటంతట అవే బయటికొస్తాయి.

అయినా రేజరే వాడతామంటే ఎలా వాడాలో చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోండి. ముందు ట్రిమ్ చేయండి, పొడవు మీద నేరుగా రేజర్ పెట్టొద్దు. స్నానం మొదట్లో కాకుండా చివర్లో చేయండి, గోరువెచ్చటి నీళ్లకి వెంట్రుక మెత్తబడుతుంది. ఒంటి సబ్బు కాకుండా షేవింగ్ జెల్ రాయండి. చర్మాన్ని మరీ లాగి పట్టుకోకండి. వెంట్రుక ఏ వైపు పెరుగుతోందో ఆ వైపే గీయండి, ఎదురు గీయొద్దు. గీసినచోటే మళ్లీ మళ్లీ గీయొద్దు. ప్రతిసారీ బ్లేడు కడగండి. అయ్యాక చల్లటి నీళ్లు, మెత్తటి టవల్‌తో అద్దడం, సువాసన లేని మాయిశ్చరైజర్. ఆ రోజు బిగుతు జీన్స్, లెగ్గింగ్స్ వద్దు. రేజర్‌ని తడి బాత్రూంలో సబ్బుపెట్టె పక్కన పడేయకుండా ఆరబెట్టి పొడిచోట పెట్టండి. మొద్దుబారిన బ్లేడే ఎక్కువ కోస్తుంది, పారేయడానికి వెనకాడకండి.

ఇంకొక్క మాట, ఇది మన ఊళ్లలో చాలా ముఖ్యం. గజ్జల్లో గుండ్రంగా, అంచులు ఎర్రగా, విపరీతమైన దురదతో మచ్చలున్నాయా? అది తామర. ఎండ, చెమట, రోజంతా బిగుతు బట్టలు, మనకి ఇది చాలా మామూలు. ఆ దురద వెంట్రుకల వల్లేననుకుని షేవ్ చేస్తారు. దాంతో తామర ఇంకా పాకుతుంది. పైగా మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన ట్యూబ్ తెచ్చి రాస్తారు. రెండు రోజులు హాయిగా ఉంటుంది, తర్వాత రెట్టింపు అవుతుంది, చర్మం పల్చబడి చారలు పడతాయి. దయచేసి ఆ పని చేయకండి. తామర ఉన్నా, పులిపిర్లు ఉన్నా, ముందు అవి తగ్గాలి. పులిపిర్ల మీద రేజర్ నడిపితే అవి పక్కకి అంటుకుంటాయి.

క్రీమ్‌ల సంగతి చూద్దాం. వీటిలో థయోగ్లైకోలేట్ అనే రసాయనం ఉంటుంది. వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది కదా, దాన్ని పట్టి ఉంచే బంధాలని ఇది తెంచేస్తుంది, అందుకే వెంట్రుక మెత్తబడి తుడిస్తే వచ్చేస్తుంది. మరి చర్మం మాటేంటి? చర్మం పైపొరలో ఉన్నదీ కెరటినే. క్రీమ్‌కి వెంట్రుకా చర్మమా అన్న తేడా తెలియదు. టైమ్ ఒక్కటే తేడా. ఐదు నిమిషాలని రాస్తే ఐదే, "ఇంకా రాలేదు, ఇంకో పది నిమిషాలు ఉంచుదాం" అనుకున్నారా, చర్మం కాలుతుంది. నా దగ్గరికి ఒక అమ్మాయి నడవలేక కాళ్లు ఎడంగా పెట్టుకుని వచ్చింది. క్రీమ్ రాసుకుని ఫోన్ మాట్లాడుతూ కూర్చుందట. రెండు వైపులా పైపొర ఊడిపోయి ఎర్రగా పచ్చిగా ఉంది. ఒంటేలుకి వెళ్లాలంటే ఏడుపు. ఆ అమ్మాయి చదవని వాక్యం డబ్బా వెనకాలే ఉంది, జననాంగాల మీద వాడొద్దని. చాలా క్రీమ్‌లు బికినీ లైన్ వరకే, అంటే తొడ మొదట్లో అంచు వరకే. లోపలికి వద్దు. ఆ అంచుకైనా ముందు రోజు కొంచెం రాసి చూసుకుని, ఇరవైనాలుగు గంటలు ఆగండి.

చీటీల్లో పసుపు, కుప్పింటాకు గురించి కూడా అడిగారు. నలుగు పెట్టి రుద్దితే ఒంటి మీద నూగు తగ్గుతుందని అమ్మమ్మలు చెబుతారు. రుద్దడం వల్ల నూగు కొంత ఊడుతుందేమో గానీ, అక్కడి ముదురు వెంట్రుకని పసుపు ఏమీ చేయలేదు. మంట మిగులుతుంది. ఇది కొత్త ఆరాటమేమీ కాదు. సుశ్రుతుడు కూడా గాయం చుట్టూ రోమాలు తీయడానికి కత్తి, కత్తెర, పట్టుకారు చెప్పి, శంఖచూర్ణం, హరితాళం కలిపిన పూత కూడా చెప్పాడు. హరితాళం అంటే ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. ఎవరైనా ప్రాచీన పద్ధతి అంటూ అలాంటి పొడి అమ్మితే కొనకండి.

వాక్సింగ్. ఇది వేరుతో లాగుతుంది కాబట్టి మూడు నుంచి ఆరు వారాలు ఆగుతుంది. నొప్పి సంగతి నేను చెప్పక్కర్లేదు, చేయించుకున్నవాళ్లు ఇక్కడే ఉన్నారు. అలవాటైతే నొప్పి తగ్గుతుంది, అదీ నిజమే. పార్లర్‌కి వెళ్తే రెండు చూడండి. వాక్స్ వేడి ఎంతుందో ముందు ఆమె తన మణికట్టు మీద వేసి చూసుకుందా? పుల్లని ఒకసారి మీ ఒంటికి రాశాక మళ్లీ అదే పుల్ల గిన్నెలో ముంచిందా? ముంచితే లేచి వచ్చేయండి. మీకంటే ముందు ఎవరికి రాసిందో ఆ పుల్లతో! రికా వాక్సైనా, బీన్స్ వాక్సైనా, ఖరీదు ఎంతైనా, ఈ రూల్ మారదు. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు వాక్స్ జోలికి వెళ్లొద్దు, చర్మం పైపొర ఊడి వచ్చేస్తుంది. రెటినాయిడ్ క్రీమ్ రాసే చోట కూడా అంతే. ఎపిలేటర్ అనే చిన్న మెషిన్ కూడా వాక్స్ లాంటిదే, వేరుతో లాగుతుంది, ఆ భాగానికి నేను సలహా ఇవ్వను. వీటిలోనూ ఇన్‌గ్రోన్ బాధ ఉంటుంది, కొత్త వెంట్రుక సన్నగా వస్తూ దారి తప్పుతుంది.

లేజర్

ఇప్పుడు మీరంతా ఎదురుచూస్తున్న దగ్గరికి వచ్చాం. ముందు ఒక నిజం. "పర్మనెంట్, ఇక జన్మలో రావు" అని ఎవరు చెప్పినా నమ్మకండి. అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ. అది లేజర్ మెషిన్లకి ఇచ్చిన అనుమతి వెంట్రుకలని దీర్ఘకాలం తగ్గించడానికి మాత్రమే. అన్నీ పోవడానికి కాదు. కోర్సు పూర్తయ్యాక చాలావరకు తగ్గుతాయి, మిగిలినవి సన్నబడతాయి, ఏడాదికి ఒకటో రెండో సిట్టింగ్‌లు మళ్లీ పడతాయి. ఇంత తెలిసి చేయించుకుంటే తృప్తిగా ఉంటారు.

ఎలా పనిచేస్తుంది? వెంట్రుకలో నల్లరంగు ఉంది కదా, మెలనిన్. మిట్టమధ్యాహ్నం ఎండలో తెల్లచొక్కా కంటే నల్లచొక్కా ఎలా వేడెక్కుతుందో, లేజర్ కాంతికి ఆ నలుపు అలా వేడెక్కి వేరుని దెబ్బతీస్తుంది. 1983లో ఆండర్సన్, ప్యారిష్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ సూత్రాన్ని రాశారు. ఇందులోంచి మీకు మూడు సంగతులు అర్థం కావాలి. నెరిసిన వెంట్రుకకి లేజర్ పనిచేయదు, అక్కడ నలుపు లేదు కాబట్టి. ఎదిగే దశలో ఉన్న వెంట్రుకకే సరిగ్గా దెబ్బ తగులుతుంది, ఏ రోజైనా కొన్నే ఆ దశలో ఉంటాయి. అందుకే నాలుగు నుంచి ఆరు వారాల ఎడంతో ఆరు, ఎనిమిది సిట్టింగ్‌లు కావాలి. ఇక మూడోది, మనకి అన్నిటికంటే ముఖ్యమైనది: మెలనిన్ వెంట్రుకలోనే కాదు, మన చర్మంలోనూ ఉంది. ఆ భాగంలో ఇంకా ఎక్కువ. తెల్లచర్మానికి పెట్టే సెట్టింగ్ మనకి పెడితే వెంట్రుక కంటే ముందు చర్మం కాలుతుంది.

అందుకని మెషిన్ పేరు అడగండి. సిగ్గుపడకండి, అడగండి. మన రంగుకి ఎన్‌డీ-యాగ్ అనే రకం లేజర్ క్షేమం, దాని కాంతి తరంగం పొడవు 1064 నానోమీటర్లు. కాంతి లోతుకి వెళ్తుంది, పైచర్మం తక్కువ పీల్చుకుంటుంది. 800, 810 నానోమీటర్ల ప్రాంతంలో పనిచేసే డయోడ్ లేజర్ కూడా చేతిలో అనుభవం ఉన్నవాళ్లు, మంచి కూలింగ్‌తో చేస్తే బాగానే ఉంటుంది. "లేజర్" అని బోర్డు పెట్టి ఐపీఎల్ చేసేవాళ్లున్నారు. అది లేజర్ కాదు, రకరకాల తరంగాలు కలిసిన వెలుగు. చామనఛాయకి కాలే ప్రమాదం ఎక్కువ. ఇంట్లో వాడుకునే మెషిన్లు కూడా ఎక్కువ ఐపీఎల్‌వే. వాటి పుస్తకంలో ముదురు రంగు చర్మం మీద, జననాంగాల మీద వాడొద్దని ఉంటుంది. ఆ పేజీ చదివాకే కొనండి.

ఇంకేం అడగాలి? మొదటిసారి డాక్టర్ చూస్తారా? చిన్నచోట టెస్ట్ చేసి కొన్నాళ్లు ఆగుతారా? కళ్లకి అద్దాలు ఇస్తారా? ఎదురుగా ఉన్నది ఆడ టెక్నీషియనేనా, పక్కన ఇంకొకరు ఉంటారా? ఇవన్నీ అడిగే హక్కు మీకుంది. విసుక్కుంటే ఆ చోటు వద్దు. ఆరు సిట్టింగ్‌లకి డబ్బంతా ముందే కట్టేయమంటే కట్టకండి. ఒక్కో సిట్టింగ్ వేలల్లో ఉంటుంది. మొదటిదానికి మీ చర్మం ఎలా ఉందో చూసుకున్నాక మిగతావి.

సిట్టింగ్‌కి నాలుగు వారాల ముందు నుంచీ వాక్స్, ఎపిలేటర్, పీకడం ఆపేయాలి. వేరు లోపల ఉండాలి, లేకపోతే లేజర్ దేన్ని పట్టుకుంటుంది? ముందు రోజు షేవ్ చేసుకోండి. లోపలి తడి పొర మీద లేజర్ పెట్టకూడదు, బయటి చర్మం వరకే. గర్భంతో ఉంటే వాయిదా వేయండి. అక్కడ ఎప్పుడైనా హెర్పిస్, అంటే వైరస్ వల్ల లేచే నీటిపొక్కులు, వచ్చి ఉంటే ముందే చెప్పండి, మాత్రలు ఇచ్చి మొదలుపెడతారు, లేకపోతే లేజర్ వేడికి మళ్లీ లేవొచ్చు.

మత్తు క్రీమ్ గురించి జాగ్రత్తగా వినండి. 2007లో ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. ఇద్దరు అమ్మాయిలు, ఇరవై రెండేళ్లు ఒకరికి, ఇరవై ఐదేళ్లు ఇంకొకరికి. కాళ్లకి లేజర్ ముందు నొప్పి తెలియకుండా మత్తు క్రీమ్ కాళ్ల నిండా పట్టించి, పైన ప్లాస్టిక్ కవర్ చుట్టుకున్నారు. మందు రక్తంలోకి ఎక్కువగా వెళ్లి ఫిట్స్ వచ్చాయి, కోమాలోకి వెళ్లారు, ఇద్దరూ చనిపోయారు. ఎందుకోసమమ్మా? వెంట్రుకల కోసం. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. మత్తు క్రీమ్ కావాలంటే క్లినిక్‌లో, డాక్టర్ చెప్పినంత, చెప్పినంతసేపే. ఇంటి నుంచి పూసుకుని బయల్దేరకండి.

లేజర్ ఎవరికి నిజంగా ఉపయోగం? షేవ్ చేసినప్పుడల్లా, వాక్స్ చేసినప్పుడల్లా కురుపులతో బాధపడేవాళ్లకి. గజ్జల్లో, చంకల్లో మళ్లీ మళ్లీ సెగగడ్డలు లేచి చీము పట్టే జబ్బు ఒకటుంది, హిడ్రాడినైటిస్ అంటారు, వాళ్లకి కూడా డాక్టర్ చూసి చేస్తే ఊరట. వీళ్లకి అది సోకు కాదు, వైద్యం. మరి పీసీఓడీ, అంటే అండాశయాల్లో హార్మోన్లు గాడి తప్పే సమస్య, ఉన్నవాళ్లు? వెంట్రుకలు బొడ్డు దాకా పాకుతున్నాయా, గడ్డం మీద కూడా వస్తున్నాయా, పీరియడ్స్ తప్పుతున్నాయా? అప్పుడు ముందు హార్మోన్ల సంగతి చూపించుకోండి. దాన్ని వదిలేసి లేజర్‌కి డబ్బు పోస్తే ఒకవైపు తగ్గుతుంటే ఇంకోవైపు కొత్తవి మొలుస్తుంటాయి.

ఎలక్ట్రాలసిస్ అని ఇంకోటి ఉంది. 1875 నుంచీ ఉన్న పద్ధతి, కంట్లోకి తిరిగే రెప్పవెంట్రుకల కోసం ఒక అమెరికన్ కంటిడాక్టర్ మొదలుపెట్టారు. ఒక్కో వెంట్రుక వేరులోకి సన్నటి సూది పెట్టి కరెంటుతో కాల్చడం. నిజంగా శాశ్వతం అనదగ్గది ఇదే, తెల్లవెంట్రుకకీ పనిచేస్తుంది. కానీ ఒక్కొక్కటీ చేయాలి, గంటలు గంటలు. గడ్డం మీద నాలుగైదు వెంట్రుకలకి సరే, ఈ భాగానికి ఓపికా ఉండదు, చేసేవాళ్లూ తక్కువే.

చివరి చీటీ

ఒక చీటీ పక్కన పెట్టుకున్నాను. "అక్కకి ఏడో నెల. డెలివరీకి వెళ్లేముందు తప్పకుండా షేవ్ చేయాలా? ఇంట్లోనే చేసుకుని రమ్మంటున్నారు."

అక్కర్లేదు. మామూలు కాన్పుకి ముందు అందరికీ షేవింగ్ చేయొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఇన్ఫెక్షన్ తగ్గుతుందన్నది పాత నమ్మకం. రేజర్ చేసే కంటికి కనిపించని కోతలే సూక్ష్మజీవులకి దారి. సిజేరియన్ అయినా, ఇంకే ఆపరేషన్ అయినా, వెంట్రుకలు అడ్డు అనుకుంటే ఆసుపత్రిలోనే క్లిప్పర్‌తో కత్తిరించాలి, రేజర్ వాడొద్దని అదే సంస్థ 2016లో చెప్పింది. మీ అక్కకి చెప్పండమ్మా, నిండు పొట్టతో కనిపించని చోట బ్లేడు పెట్టుకోవద్దని. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు ఆసుపత్రిలో అడగమనండి, "అవసరమైతే మీరే క్లిప్పర్‌తో తీస్తారా" అని. వార్డులో నర్సు రేజర్ పట్టుకొస్తే పక్కనున్న మీరు ఆ మాట గుర్తు చేయండి.